ఫ్యునెరల్ హోమ్ కింద తొమ్మిది గుంటలు

అమెరికాలో షికాగోకు వాయవ్యంగా పాలటైన్ అనే ఊరుంది. అక్కడ ఆల్‌గ్రిమ్ కుటుంబం నడిపే ఫ్యునెరల్ హోమ్‌లో పైన అంతా మామూలు వ్యవహారమే. శవపేటిక, పూలు, కుర్చీల వరసలు, గొంతు తగ్గించి మాట్లాడుకునే బంధువులు. మెట్లు దిగి బేస్‌మెంట్‌లోకి వెళితే మాత్రం తొమ్మిది గుంటల మినీ గోల్ఫ్ కోర్సు కనిపిస్తుంది. ఆకుపచ్చ పరుపు మీద పుర్రెలు, సమాధి రాళ్ళు. వాటి మధ్య నుంచి బంతిని నెట్టుకుంటూ పోవాలి. 1960ల్లో ఇంటివాళ్ళ కాలక్షేపానికి మొదలైన ఈ ఏర్పాటు తర్వాత ఊరి పిల్లలకూ సంఘాలకూ తెరుచుకుంది. టికెట్టు లేదు. ముందుగా ఫోన్ చేసి రావాలి. పైన ఎవరి పార్థివదేహమైనా చూపు కోసం ఉంచిన రోజు కింద ఆట బంద్.

ప్రపంచంలోని వింత మినీ గోల్ఫ్ కోర్సుల జాబితా ఎవరు రాసినా పాలటైన్ పేరు రాకుండా ఉండదు. అందులో పెద్ద బొమ్మల్లేవు, జలపాతం లేదు, మంటలు కక్కే కొండ లేదు. ఖర్చులో పదో వంతు కూడా పెట్టని ఆ తొమ్మిది గుంటలు, కోట్లు పోసి కట్టిన కోర్సుల పక్కన ఎలా నిలబడుతున్నాయన్నది ఆలోచించాల్సిన విషయం.

గోలీలాడిన వాళ్ళకు ఈ ఆట అర్థం కావడానికి రెండు నిమిషాలు చాలు. గుంట ఉంది, గుండ్రటి వస్తువు ఉంది, మధ్యలో నేల ఉంది. గోలీలాటలో నేల ఎలా ఉంటే అలాగే ఆడతాం. గులకరాయి అడ్డొస్తే తిట్టుకుంటాం. మినీ గోల్ఫ్‌లో ఆ గులకరాయిని ఎవరో డబ్బు ఖర్చుపెట్టి, కొలత చూసుకుని, సరిగ్గా దారి మధ్యలో పాతి పెడతారు. నేలను పద్ధతిగా పాడు చేయడమే ఇందులో పనితనం. కాబట్టి ఒక కోర్సు బాగుందా లేదా అని చూసేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఈ కోర్సు ఇక్కడే ఎందుకుంది? ఈ అడ్డంకి బంతిని ఏం చేస్తోంది? రెండింటికీ జవాబున్న చోటు గుర్తుండిపోతుంది. ఒక్కదానికీ లేనిది ఫోటోలో మిగులుతుంది, అంతే.

మొదటి ప్రశ్నకు అన్నిటికంటే పాత జవాబు స్కాట్లాండ్‌లో దొరుకుతుంది. గోల్ఫ్‌కు పుట్టిల్లుగా చెప్పుకునే సెయింట్ ఆండ్రూస్‌లో 1867లో ఆడవాళ్ళు ఒక క్లబ్బు పెట్టుకున్నారు. పెద్ద కోర్సు మీద మగవాళ్ళు ఆడుతున్నారు. ఆడవాళ్ళు కర్రను భుజం దాటి పైకి ఎత్తడం మర్యాద కాదన్నది అప్పటి లోకాభిప్రాయం. ఆ అభిప్రాయం ఎంత మొండిదంటే, 1890లో కూడా లార్డ్ వెల్‌వుడ్ అనే ఆయన ఆడవాళ్ళ దెబ్బ 70, 80 గజాలకు మించకూడదని రాశాడు. అంతకంటే దూరం పోవాలంటే కర్ర భుజం దాటాలట, ఆ దుస్తుల్లో ఆ భంగిమ చూడ్డానికి బాగుండదట. కర్ర పైకెత్తే పనే లేని దెబ్బ పట్. నేల మీద బంతిని మెల్లగా నెట్టే ఆ చివరి దెబ్బనే వాళ్ళు పూర్తి ఆటగా మార్చుకున్నారు.

దొరికిన స్థలం చదునైనది కాదు. సముద్రం ఒడ్డు ఇసుక దిబ్బల మీద గడ్డి పెరిగి, దుప్పటి ముడతలు పడ్డట్టు ఉండే నేల. ఆ ముడతలకు 'హిమాలయాలు' అని పేరు పెట్టుకున్నారు. చిన్న చిన్న దిబ్బలకు ఆ పేరు పెట్టిన వాళ్ళ వేళాకోళం ఇన్నేళ్ళయినా వాడలేదు. ఇక్కడ గాలిమర లేదు, బొమ్మ లేదు, గట్టు కూడా లేదు. బంతిని గుంట వైపు కాకుండా పక్క దిబ్బ వైపు కొట్టాలి. అది ఎక్కి, ఆగీ ఆగకుండా ఆగి, పక్కకు తిరిగి, ఇంకో వాలు పట్టుకుని దిగుతుంది. కొద్దిపాటి రుసుము కట్టి ఎవరైనా ఆడొచ్చు. ఆంక్ష నుంచి పుట్టిన కోర్సు ఆంక్ష పోయాక కూడా బతికిందంటే, ఆ నేలలో నిజంగా ఆట ఉన్నట్టే లెక్క.

అయితే గడ్డి ఉన్నంతకాలం ఈ ఆట పొలం గట్టు దాటలేదు. గడ్డికి నీళ్ళు కావాలి, కోత కావాలి, ఎండ కావాలి. మేడ మీదా ఇరుకు సందులోనూ గడ్డి పెంచి, దాని మీద రోజుకు వందమంది నడిస్తే వారానికి మట్టి తేలుతుంది. ఈ చిక్కును విప్పినది పత్తి గింజల పొట్టు అంటే గుంటూరు, ఆదిలాబాద్ వైపు వాళ్ళకు సరదాగా ఉంటుంది. 1920ల మొదట్లో థామస్ మెక్‌కల్లక్ ఫెయిర్‌బెయిర్న్ అనే ఆయన మెక్సికోలో పత్తి సాగు చేయిస్తూ, తన స్థలంలో గోల్ఫ్ ఆడుకుందామంటే గడ్డి పట్టని నేల. దాంతో పత్తి గింజల పొట్టును నలిపి, ఇసుక కలిపి, నూనెతో ముద్దచేసి, ఆకుపచ్చ రంగు వేసి, రోలరుతో తొక్కించాడు. బంతి గడ్డి మీద దొర్లినట్టే దొర్లింది. పశువుల దాణాలోకి పోయే సరుకు గోల్ఫ్ మైదానమైంది.

దాంతో ఆటకు కాళ్ళొచ్చాయి. 1926లో న్యూయార్క్‌లో ఇద్దరు వ్యాపారులు ఒక భవనం పైకప్పు మీద కోర్సు పెట్టారు. ఆ దశకం ముగిసేలోపు ఆ నగరపు మేడల మీద అలాంటివి నూటయాభై దాకా వెలిశాయి. ఆఫీసు వదిలాక లిఫ్టులో పైకెళ్ళి, టై వదులు చేసుకుని, ఆకాశహర్మ్యాల మధ్య పట్ కొట్టడం. వింతగా తోస్తుంది గానీ ఆలోచిస్తే ఇదీ స్థలం నుంచి పుట్టినదే. నేల దొరకని ఊళ్ళో ఖాళీగా పడి ఉన్నది పైకప్పే.

ఇక గాలిమరలు, మరుగుజ్జు బొమ్మలు, బోలు దుంగలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది వేరే కథ. టెనెసీ, జార్జియా రాష్ట్రాల సరిహద్దులో లుకౌట్ మౌంటెన్ అనే కొండ ఉంది. దాని మీద గార్నెట్ కార్టర్, ఫ్రీడా కార్టర్ దంపతులు 'ఫెయిరీల్యాండ్' పేరుతో ఇళ్ళ స్థలాలు వేసి, హోటలు కట్టారు. వీధుల పేర్లన్నీ పిల్లల కథల్లోంచి తెచ్చినవే. అసలు గోల్ఫ్ కోర్సు పని ఎంతకీ తెమలకపోవడంతో అతిథుల కాలక్షేపానికి చిన్న కోర్సు వేశారని ఒక కథ, గోల్ఫర్ల భార్యాపిల్లల కోసమని ఇంకో కథ. ఏదైతేనేం, 1920ల చివర్లో ఫ్రీడా అక్కడ జానపద కథల మరుగుజ్జులను నిలబెట్టి, దుంగలూ గొట్టాలూ అడ్డం పెట్టి కోర్సు తీర్చింది. దానికి 'టామ్ థంబ్' అని పేరు, అంటే బొటనవేలంత మనిషి. భర్త అందులో వ్యాపారం చూశాడు. ఫెయిర్‌బెయిర్న్ దగ్గర పత్తిపొట్టు నేల హక్కులు కొని, పేటెంటు తీసుకుని, కోర్సును మొత్తంగా సెట్టుగా అమ్మడం మొదలుపెట్టాడు. పెళ్ళి పందిరి సామాన్లు లారీలో దిగినట్టు కోర్సు దిగేది.

1929 అక్టోబరులో షేర్ మార్కెట్ కూలింది. నిర్మాణాలు ఆగిపోయి ఊరూరా ఖాళీ స్థలాలు. జనం చేతిలో నోట్లు లేవు గానీ చిల్లర ఉంది, సాయంత్రాలు బోలెడు. 1930 వేసవికల్లా అమెరికాలో 25 వేలకు పైగా మినీ గోల్ఫ్ కోర్సులున్నాయని అప్పటి అంచనా. టామ్ థంబ్ సెట్టు కొనలేని వాళ్ళు పాత టైర్లు, డ్రెయినేజీ పైపులు, రేకు డబ్బాలు ఏరుకొచ్చి సొంతంగా వేసుకున్నారు. మినీ గోల్ఫ్ చరిత్రలో ఫ్రీడా మరుగుజ్జులకు దక్కినంత పేరు ఈ అనామకపు చెత్త కోర్సులకు దక్కలేదు. నిజానికి రావాల్సింది వీటికే. ఇంట్లో ఉన్నదాన్ని అడ్డంకిగా మార్చడమనే అలవాటు అక్కడే స్థిరపడింది. పాలటైన్ బేస్‌మెంట్ దాని వారసురాలే.

మరుసటి ఏడు గాలి తీసేసింది. 1931 నాటికి కోర్సులు వందల్లో మూతపడ్డాయి. కార్టర్ అప్పటికే తన వాటా అమ్మేసి బయటపడ్డాడు. భార్యాభర్తలు అదే కొండ మీద 1932లో 'రాక్ సిటీ' అనే రాతి తోటను తెరిచారు. ఫ్రీడా మరుగుజ్జులు అందులో కాపురం పెట్టి ఇప్పటికీ పర్యాటకులను చూస్తూ కూర్చున్నారు. ఆ 1930 నాటి కోర్సుల్లో బతికి బట్టకట్టిన వాటిలో ఒకటి న్యూయార్క్ రాష్ట్రం రాచెస్టర్ శివార్లలోని 'విస్పరింగ్ పైన్స్'. అమెరికా చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలో దానికి చోటు దొరికింది. కోటలూ చర్చీలూ ఉండే జాబితాలో ఒక పట్ ఆట స్థలం!

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ ఆట రెండు దారులుగా చీలింది. ఒక దారి కాంక్రీటు బొమ్మలది. లీ కాప్లిన్ అనే ఆయన ఫ్లారిడాలోని పనామా సిటీ బీచ్‌లో 1959లో 'గూఫీ గోల్ఫ్' కట్టాడు. మనిషి తల, సింహం ఒళ్ళు ఉన్న సింహిక, బుద్ధుడు, డైనోసార్, కోతి, అన్నీ పక్కపక్కనే. ఇనుప వల మీద సిమెంటు మెత్తి చేసిన పని, మన ఊళ్ళలో గుడి గోపురం మీద బొమ్మలు చేసే పద్ధతికి దగ్గర చుట్టం. ఈజిప్టు సింహికకూ ఫ్లారిడా ఇసుకకూ సంబంధమేమిటని అడగొచ్చు. సింహికతో లేదు గానీ రోడ్డుతో ఉంది. అది సముద్రం పక్కన కార్లు పరుగెత్తే రోడ్డు. డ్రైవరు బోర్డు చదివేలోపు కారు దాటిపోతుంది. వెనక సీట్లో పిల్లవాడు ఒక్క చూపులో పోల్చుకుని 'ఆపు నాన్నా' అని అరవాలంటే ఆకారం పెద్దదై, ముందే తెలిసినదై ఉండాలి. డైనోసార్ తోక పైకి లేచి ఉండటం వెనక ఉన్నది కారు వేగం.

రెండో దారి దీనికి బద్ధ శత్రువు. నార్త్ కరొలైనాలోని ఫెయెట్‌విల్‌లో డాన్ క్లేటన్ అనే ఇన్సూరెన్స్ ఏజెంటు డాక్టరు విశ్రాంతి తీసుకోమంటే మినీ గోల్ఫ్‌కు వెళ్ళి, అక్కడి అడ్డంకుల గారడీ చూసి చిరాకుపడ్డాడట. నేర్పుకు విలువ లేదు, అదృష్టమే ఆడుతోందన్నది ఆయన ఫిర్యాదు. 1954లో సొంత కోర్సు తెరిచాడు. గాలిమర లేదు, బొమ్మ లేదు. నారింజ రంగు గట్లు, కచ్చితమైన కోణాలు, ప్రతి గుంటకూ రెండే దెబ్బలు లెక్క. 'షేడీ వేల్' అని పెట్టాలనుకుని, స్పెల్లింగ్ సందేహమొచ్చి 'పట్-పట్' అని రాసేశాడని చెప్పుకుంటారు. ఆ పేరే గొలుసు వ్యాపారమైంది.

అదే 1954లో, మార్చి నెలలో, స్విట్జర్లాండ్‌లోని అస్కోనాలో పాల్ బాన్యీ రూపొందించిన కోర్సు తెరుచుకుంది. ఆయన పద్ధతి ఇంకా కఠినం. పద్దెనిమిది కాంక్రీటు దారులు, వాటి పొడవు, అడ్డంకుల ఆకారం అన్నీ కొలతల ప్రకారం. ఒక ఊళ్ళో ఉన్నదే ఇంకో ఊళ్ళో. తర్వాత ఎటర్నిట్ అనే దారులు వచ్చాయి. మన ఇళ్ళ మీద వేసే సిమెంటు రేకుల జాతిదే ఆ పలక. ఆరుంపావు మీటర్ల పొడవు, తొంభై సెంటీమీటర్ల వెడల్పు. బంతి గుండ్రంగా తిరిగి రావాల్సిన వలయం ఒకచోట, వాలు మీద నుంచి ఎగిరి వలలో పడాల్సిన ఏర్పాటు ఇంకోచోట. ఒక దారికి ఆరు దెబ్బలు దాటితే ఏడు రాసుకుని పక్కకు తప్పుకోవాలి.

అన్ని కోర్సులూ ఒకటే అయినప్పుడు ఇక గుర్తుంచుకోవడానికి ఏముంటుందని అనిపించడం సహజం. ఉంది, అయితే అది ఆటగాడి సంచీలో ఉంది. యూరప్‌లో పోటీలకు వచ్చే వాళ్ళు ఒక్క బంతితో రారు, పెట్టె నిండా తెస్తారు. నియమం ప్రకారం బంతి వ్యాసం 37 నుంచి 43 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, మరీ ఎత్తుకు ఎగరకూడదు. ఆ హద్దుల్లో బరువు, గట్టిదనం, ఎగిరే గుణం ఎవరిష్టం వాళ్ళది. ఒకటి నేలకేసి కొడితే మోకాలిదాకా లేస్తుంది, ఇంకొకటి తడి మట్టి ముద్దలా పడి ఉంటుంది. గట్టును తాకి చచ్చిపోవాల్సిన చోట ఒక బంతి, గట్టును తాకి వెనక్కి రావాల్సిన చోట ఇంకో బంతి. రబ్బరు వేడికి చురుకవుతుంది, చలికి మొద్దుబారుతుంది. అందుకని జేబులో పెట్టుకుని వెచ్చబెడతారు, మండుటెండలో చల్లటి పెట్టెలో దాస్తారు. పొద్దున తగిలిన దెబ్బ మధ్యాహ్నం తగలదు, ఎందుకంటే ఈలోపు సిమెంటు కాగిపోయింది. ఎటర్నిట్ మీద పద్దెనిమిది దారులూ ఒక్కో దెబ్బలో ముగించిన వాళ్ళున్నారు. ఈ ఆటగాళ్ళ ముందు డైనోసార్ గురించి మాట్లాడితే చిన్నబుచ్చుకుంటారు, అందులో న్యాయముంది. అయినా కుటుంబంతో ఒక్క సాయంత్రం ఆడిపోయే వాళ్ళకు వాళ్ళ కోర్సు బోసిగా కనిపిస్తుందన్నదీ నిజమే.

మతాన్ని మినీ గోల్ఫ్‌లోకి తెచ్చినవి రెండు చెప్పుకోదగ్గవి. కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో ఒక ఐస్ స్కేటింగ్ కేంద్రం పక్కన బైబిలు కోర్సులు మూడు వేశారు: పాత నిబంధన, కొత్త నిబంధన, అద్భుతాలు. మొత్తం 54 గుంటలు. నోవహు ఓడ, సీనాయి కొండ, యోనాను మింగిన చేప. బయటివాళ్ళు దీన్ని వెకిలితనంగా చూసి నవ్వుతారు. వైకుంఠపాళి ఆడుతూ పెరిగిన వాళ్ళు అంత తొందరగా నవ్వలేరు. పుణ్యం చేస్తే నిచ్చెన, పాపం చేస్తే పాము, చివరికి పరమపదం. పిల్లల చేతికి గవ్వలిచ్చి కర్మ సిద్ధాంతం నేర్పిన పటమే అది. తేడా ఒక్కటే. వైకుంఠపాళిలో పాము నోరు నిజంగానే కిందికి లాగుతుంది, అంటే కథా ఆటా ఒకటే. లెక్సింగ్టన్‌లాంటి కోర్సులకు అసలు పరీక్ష అక్కడే. ఎర్ర సముద్రం బంతికి దారి ఇస్తే అది కథ, పక్కన బొమ్మలా నిలబడితే అలంకారం.

ఇంకొకటి ఇంగ్లండ్‌లో, కెంట్ ప్రాంతపు రాచెస్టర్‌లో. ఇది అమెరికా రాచెస్టర్ కాదు, దానికంటే ఎంతో పాత ఊరు. క్రీ.శ. 604లో నెలకొన్న అక్కడి కెథీడ్రల్‌లో, ప్రార్థనకు కూర్చునే నడిమి హాల్లో, 2019 ఆగస్టులో తొమ్మిది గుంటల గోల్ఫ్ వేశారు. దేశమంతా గొడవ. దేవుడి ఇంట్లో ఇదేం ఆటని కొందరు, ఇన్నాళ్ళకు పిల్లలు గుమ్మం తొక్కారని కొందరు. ఈ గొడవలో ఆ కోర్సు రూపకల్పన గురించి మాట్లాడిన వాళ్ళు తక్కువ. ప్రతి గుంటకూ ఒక్కో రకం వంతెన నమూనా పెట్టారు. దానికి వెనక ఉన్నది రాచెస్టర్ బ్రిడ్జ్ ట్రస్ట్. మెడ్వే నది మీద వంతెనల బాగోగులు చూడ్డానికి 1399 నుంచి ఉన్న సంస్థ అది. వంతెనంటే దాటడానికే, బంతి చేయాల్సిందీ దాటడమే. నెమ్మదిగా కొడితే కమాను నడుమ దాకా వెళ్ళి వెనక్కి దొర్లుతుంది, గట్టిగా కొడితే అవతల గట్టెక్కి పోతుంది. కమాను వంపు ఎందుకుంటుందో పదేళ్ళ పిల్లకు పుస్తకం లేకుండానే చేతికి తెలుస్తుంది. పవిత్రత మాట భక్తులు తేల్చుకోవాల్సింది. కోర్సుగా చూస్తే మాత్రం ఆ రెండు ప్రశ్నలకూ ఇంత సూటిగా జవాబిచ్చినది ఇంకొకటి దొరకడం కష్టం.

కళాకారులూ ఇందులో వేలు పెట్టారు. 1992లో న్యూయార్క్‌లోని ఆర్టిస్ట్స్ స్పేస్ గ్యాలరీ ఒక్కో గుంటను ఒక్కో కళాకారుడికి అప్పగించింది. మినియాపొలిస్‌లోని వాకర్ ఆర్ట్ సెంటర్ 2004 నుంచి వేసవుల్లో ఇలాంటి కోర్సులు వేయిస్తూ వచ్చింది. కొన్ని తెలివైనవే. అయితే గ్యాలరీ కోర్సులకు ఒక జబ్బుంది: పక్కన గోడ మీద వివరణ చదివితే తప్ప గుంట అర్థం కాదు. కర్ర చేతిలో ఉన్నవాడు గోడ చదవడు.

ఇక ఈ ఆటకు రాజధానినని చెప్పుకునే మర్టిల్ బీచ్. సౌత్ కరొలైనా తీరంలో పదుల సంఖ్యలో కోర్సులు. షార్లట్ వైపు నుంచి, అట్లాంటా నుంచి లాంగ్ వీకెండ్‌కు పులిహోర డబ్బాలతో కార్లు కట్టుకుని వెళ్ళే తెలుగు కుటుంబాలకు ఆ రోడ్డు బాగా తెలుసు. ఓడదొంగల ఓడ, కూలిన విమానం, నీలం రంగు కలిపిన జలపాతం. ఉత్తర మర్టిల్ బీచ్‌లోని 'హవాయియన్ రంబుల్'లో అగ్నిపర్వతం కాసేపటికోసారి ఉరిమి మంట కక్కుతుంది. సాయంత్రం దీపాలు పెట్టాక అచ్చం తిరునాళ్ళే. చిత్రమేమిటంటే ఆ కొండ చుట్టూ ఉన్న గుంటలు బొమ్మల హడావిడి లేనివి, వాలు చూసి కొట్టాల్సినవి. అమెరికాలో పెద్ద పోటీలు జరిగే చోట్లలో అదొకటి. కొండేమో రోడ్డు మీది వాళ్ళ కోసం, నేలేమో ఆడేవాళ్ళ కోసం.

పక్క కోర్సుల్లో చాలావాటికి ఆ రెండో సగం ఉండదు. జలపాతం ఒక పక్క, గుహ ఒక పక్క, మధ్యలో బంతి తాపీగా దొర్లే చదును దారి. దీనికి వ్యాపార కారణం ఉంది. తిరిగే గాలిమర తరచూ చెడిపోతుంది, పైగా దాని దగ్గర క్యూ నిలిచిపోతుంది. రెక్క ఎప్పుడు తప్పుకుంటుందా అని ఒక్కో పిల్లవాడూ మూడు విడతలు చూస్తాడు, వెనక నాలుగు కుటుంబాలు నిలబడతాయి. జలపాతం ఎవరినీ ఆపదు. అందుకే గాలిమర ఈ ఆటకు గుర్తుగా టీ షర్టుల మీదికి చేరింది, కోర్సుల్లో తగ్గిపోయింది. తిరిగే రెక్క ముందు కర్ర పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒకటి రెండు మూడు లెక్కపెట్టుకున్న ఆ క్షణం జలపాతం ఇవ్వలేదు.

ఒక్క అడ్డంకి మాత్రం అమెరికా కోర్సుల్లో చాలావాటిలో ఇప్పటికీ పోలేదు. అది పద్దెనిమిదో గుంట. మిగతా పదిహేడింట్లో చెయ్యిపెట్టి బంతి తీసుకుంటాం. చివరిదాంట్లో బంతి పడగానే లోపల గొట్టం అందుకుంటుంది, గడగడమంటూ నేల కిందుగా దొర్లి టికెట్ల గది దగ్గర తాళం వేసిన పెట్టెలో పడుతుంది. యజమానికి బంతులు తిరిగి రావాలి, ఆడినవాళ్ళు మళ్ళీ మొదటి గుంటకు పోకూడదు. ఏర్పాటు అందుకే. కొన్నిచోట్ల అక్కడ ఒక చిన్న రంధ్రం పెడతారు. అందులో పడితే గంట మోగి, ఇంకో ఆట ఉచితం. మోగడం అరుదు. పెద్దవాళ్ళు స్కోరు కాగితం కూడుతుంటే పిల్లలు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ గుంటకు చెవి ఆనించి, తమ బంతి ఎంత దూరం పోయిందో వింటుంటారు.